పరీక్ష పోయినను బిడ్డకు ఇల్లు పోరాదు

(పరాభవ నామ సంవత్సర ఉగాది ఉత్సవ సభలో, గుడారిలో, చదివిన ప్రసంగము)



ఇంతకు ముందే పంచాంగ శ్రవణము జరిగినది. 2026 మార్చి 19వ తేదీతో మొదలైన ఈ సంవత్సరమునకు పరాభవ అని పేరు. పరాభవ మనగా ఓటమి, అవమానము. పండుగపూట ఆ మాట చెవిని పడగానే కొందరు ముఖము చిట్లించినారు. కాని మన పూర్వులు అరువది పేర్లలో దీనిని తీసివేయలేదు. ప్రభవ, విభవలతో పాటు పరాభవను గూడ వరుసలో కూర్చుండబెట్టినారు. 1966లో ఈ పేరు వచ్చినది, ఏడాది యుండి వెళ్ళినది. ఇప్పుడు మరల వచ్చినది. దీని తరువాత వచ్చునది ప్లవంగ. ఓటమి ఒక సంవత్సరమునకు పేరు కావచ్చును గాని కాలమున కంతటికిని పేరు కాజాలదు.

ఈ మాటతోనే ఎందుకు మొదలుపెట్టితి మనగా, మేము నేడు మాట్లాడదలచినది పరీక్షల భయముతో నలుగుచున్న మన పిల్లలను గురించి. ఉగాది ఎప్పుడును ఒక చిక్కు సమయముననే వచ్చును. పదవ తరగతి బోర్డు పరీక్షలు వ్రాసిన పిల్లలు ఫలితముల కొరకు దినములు లెక్కపెట్టుచుందురు. విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము పోయి ఇంటర్మీడియట్ చదువు పిల్లలకు ఎంట్రెన్సు పరీక్షలు ముందుండును. పచ్చడిలోని వేపపువ్వు చేదు ఒక్క నిమిషము. ఈ ఎదురుచూపుల చేదు నెలల తరబడి.

మేము డాక్టర్లము కాము, ప్రొఫెసర్లము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి రైల్వేలో గుమాస్తా పని చేయువారము. తెలిసినవారు వ్రాసినది చదివి, మన ఇండ్లలో జరుగుచున్నది చూచి, రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి చెప్పుచున్నాము. తప్పులున్న పెద్దలు సవరింతురు గాక.

ముందుగా మన సంగతి. మనము ఈ గడ్డ మీద ఎట్లుంటిమి? 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, అంతవరకు మదరాసు రాజధానిలో విశాఖపట్టణము ఏజెన్సీగా నున్న ఈ ప్రాంతము కోరాపుట్ జిల్లాగా అందులో చేరినది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయినది. కాబట్టి మనలో కొందరు వ్యాపారమునకో ఉద్యోగమునకో సరిహద్దు దాటి వచ్చినవారు. మరికొందరి ఇండ్లు కదలనే లేదు, సరిహద్దే కదలినది. ఎట్లయినను మన పిల్లల బ్రతుకు మూడు భాషల నడుమ సాగుచున్నది. ఇంటిలో తెలుగు, బడిలో ఒడియా, పెద్ద చదువులలో ఇంగ్లీషు. పదవ తరగతి వరకు ఇక్కడ ఒడియాలో చదివిన పిల్ల ఒక్క వేసవి సెలవులు గడిచేసరికి విశాఖపట్టణములో ఇంగ్లీషులో భౌతికశాస్త్రము వినవలెను. తరగతిలో మాట్లాడితే "నీ తెలుగు ఒరిస్సా తెలుగు" అని తోటివారు నవ్వుదురు. ఇంటికి ఫోను చేయగానే మన మడుగు మొదటి మాట, "మొన్నటి టెస్టులో ఎన్ని మార్కులు వచ్చినవి?"

అన్నము తిన్నావా అని గూడ అడుగుదుము. కాని మార్కుల తరువాత.

మన తప్పని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఊరు కాని ఊరిలో నిలదొక్కుకొన్నవారికి భూమి యుండదు, బలగముండదు. చదువొక్కటే ఆస్తి అని నమ్మినాము. ఆ నమ్మకమే మనలను ఇంతవరకు తెచ్చినది. అయితే తాత కొనలేని పొలము, తండ్రి చేయలేని ఉద్యోగము, పెదనాన్నగారి కొడుకుతో పోటీ, అక్క పెండ్లికి చేసిన అప్పు, ఇవన్నియు మూటకట్టి పదునారేండ్ల పిల్లవాని నెత్తిన పెట్టుచున్నాము. మాకు తెలిసిన భాషలో ఒక్క మాట చెప్పెదము. గూడ్సు పెట్టె ప్రక్కన అది మోయదగిన బరువెంతో రంగుతో వ్రాసి యుండును. అంతకు మించి నింపిన యెడల స్ప్రింగులు దెబ్బతినును, ఇరుసులు వేడెక్కును. అప్పుడు పెట్టె సోమరిదని ఎవరు ననరు, లోడు చూచుకొనవలసినదని అందురు. పిల్లల ప్రక్కన ఆ అంకె వ్రాసి యుండదు. అందుచేత అడిగి తెలిసికొనవలసిన పని మనదే.

ఇక అంకెలు చూడుడు. 2025లో వైద్య కళాశాలల ప్రవేశమునకై నీట్ పరీక్ష వ్రాసినవారు దేశములో 22 లక్షలకు పైగా. ఎం.బి.బి.ఎస్. సీట్లు సుమారు 1 లక్షా 20 వేలు. ప్రభుత్వ కళాశాలలవి అందులో సగము ప్రాంతము మాత్రమే. అనగా పద్దెనిమిదిమంది వ్రాసిన ఒక్కరికి సీటు. ఐ.ఐ.టి.లలో నున్న సీట్లు ఇంచుమించు 18 వేలు, వాటి కొరకు మొదటి మెట్టు పరీక్షకు కూర్చున్నవారు 14 లక్షలకు పైబడినారు. ఈ పదునేడుగురును సోమరులా? బుద్ధిహీనులా? కారు. సీట్లు లేవు, అంతే. పది సీట్లున్న బస్సుకు నూటయెనుబదిమంది వచ్చిన దిగిపోయినవారిని మనము అసమర్థులని అనము. పిల్లల విషయములో మాత్రము అనుచున్నాము.

"భయమున్నగాని చదవరు" అని పెద్దలు కొంద రనుట కలదు. ఇందులో కొంత నిజమున్నది, కొంతయే. 1908లో అమెరికాలో యెర్క్స్, డాడ్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలకు పని నేర్పి పరిశీలించినారు. కష్టమైన పనిలో ఒత్తిడి కొంతవరకు పెరిగిన నేర్పు పెరిగినది, హద్దు దాటిన తరువాత ఒత్తిడి పెరిగినకొలది నేర్పు తగ్గినది. మనుష్యుల మాటయు ఇంచుమించు ఇట్లే యున్నదని తరువాతివారు చెప్పినారు. వంట ఎరిగిన తల్లులకు ఈ శాస్త్రము కొత్త కాదు. మంట లేకున్న అన్నము ఉడకదు, మంట ఎక్కువైన అడుగంటును.

భయపడిన పిల్ల శరీరములో ఏమి జరుగుచున్నదో గూడ తెలిసికొనవలెను. ఆపద ఎదురైనప్పుడు పరుగెత్తుటకో పోరాడుటకో దేహము సిద్ధపడును. అడ్రినలిన్ అను ద్రవము రక్తములో కలియును, గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి పొట్టిదగును, కడుపులో మెలిపెట్టినట్లుండును, అరచేతులు చెమర్చును. పులి ఎదురైన ఇది మంచిదే. పరీక్ష హాలులో పరుగెత్తుటకు వీలు లేదు, పోరాడుటకు ఎవరును లేరు. అందుచేతనే నిన్న వచ్చిన పాఠము నేడు గుర్తుకు రాదు. అది నటన కాదు, మొండితనము కాదు. అట్టి సమయమున నెమ్మదిగా ఊపిరి తీసి, తీసినదానికంటె ఎక్కువసేపు విడుచుచు, అయిదారు నిమిషము లుండిన గుండె వేగము తగ్గును. దీనికి ఖర్చు లేదు.

నిద్ర సంగతి వేరే చెప్పవలసి యున్నది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, రాత్రి పన్నెండు వరకు దీపము ముందు కూర్చుండబెట్టుట మన ఇండ్లలో గొప్పగా చెప్పుకొందురు. 13 మొదలు 18 ఏండ్ల వయస్సువారికి 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని అమెరికా నిద్రా వైద్యుల సంఘము 2016లో ప్రకటించినది. పగలు చదివినది మనస్సులో కుదురుకొనుట నిద్రలోనే జరుగును. నిద్ర చెడగొట్టి చదివించుట, ఎండబెట్టక ముందే ధాన్యము గాదెలో పోయుట వంటిది. చూచుటకు గాదె నిండినట్లే యుండును.

ఇప్పుడు చెప్పబోవునది పండుగపూట చెప్పదగిన మాట కాదని కొందరికి తోచవచ్చును. కాని చెప్పకున్న ఈ ప్రసంగము దండుగ. 2022లో మన దేశములో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొన్నారని ప్రభుత్వ నేర నమోదు సంస్థ లెక్క. ఆ ఏడాది దేశములో జరిగిన అన్ని ఆత్మహత్యలలో 2,248 పరీక్ష తప్పుట వలన జరిగినవని అదే లెక్క చెప్పుచున్నది. ఇట్టి మరణమునకు కారణము ఒక్కటే యుండదు, అనేకములు కలసి వచ్చును. అయినను ఇన్ని వందల ఇండ్లలో చివరి దెబ్బ ఒక కాగితమైనది.

ఆ కాగితమెంత నమ్మదగినదో 2019 ఏప్రిల్‌లో తెలంగాణములో చూచినాము. ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన కొలది దినములలోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణములు వదలినారు. ఆ ఫలితములలో తప్పులు దొర్లినవని తరువాత బయటపడినది. తెలుగులో సున్న వచ్చినదన్న ఒక బాలికకు సరిచూడగా 99 మార్కులు తేలినవి. తప్పినవారి జవాబు పత్రములన్నియు ప్రభుత్వము మరల పరిశీలింపజేసినది. తప్పినారని ప్రకటింపబడినవారిలో 1,137 మంది ప్యాసైనట్లు తేలినది. మార్కులను మరల లెక్కింపవచ్చును. పోయిన బిడ్డను మరల తేలేము. ఒకవేళ ఆ మార్కులు అక్షరాల నిజమే యైనను, అవి ఒక ప్రాణమునకు తగిన వెల అగునా?

మనకు మరింత దగ్గరి సంగతి. 2023 జూలైలో విశాఖపట్టణములో హాస్టలులో నుండి నీట్ శిక్షణ పొందుచు, వేరొక రాష్ట్రము నుండి వచ్చిన 17 ఏండ్ల బాలిక మరణించినది. తండ్రి న్యాయస్థానములు ఎక్కినాడు. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఆ కేసులో తీర్పు చెప్పుచు, తగిన చట్టము వచ్చువరకు దేశమంతట పాటింపవలసిన 15 నిబంధనలను విధించినది. వాటిలో కొన్ని మనమందరము తెలిసికొనదగినవి. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మనస్సు సంగతి చూచుటకు శిక్షణ పొందిన కౌన్సెలరు ఒక్కరైన నుండవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేరు వేరు బ్యాచీలుగా విడదీయరాదు, నలుగురిలో అవమానింపరాదు. సహాయము కోరదగిన ఫోను నంబర్లు హాస్టలులోను, తరగతి గదులలోను పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టవలెను. ఉపాధ్యాయులకు, సిబ్బందికి ఏడాదికి రెండు మార్లు ఈ విషయమున శిక్షణ ఇయ్యవలెను.

ఇక మీదట బిడ్డను చేర్చుటకు పోయినప్పుడు ఫీజు ఎంత, ర్యాంకు లెన్ని అని అడిగి ఊరుకొనకుడు. "మీ కౌన్సెలరు ఎవరండీ? ఎక్కడ కూర్చుందురు? నంబర్లు ఏ గోడ మీద వ్రాసినారు? మా అమ్మాయి మాతో రోజుకు ఎంతసేపు మాట్లాడవచ్చును?" అని అడుగుడు. ఇది బ్రతిమాలుకొనుట కాదు. సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన మాటను అడుగుచున్నారు.

ఆ విశాఖపట్టణమే ఇంకొక కథకు గూడ చోటు. 1905లో కుంభకోణము కళాశాలలో ఒక కుర్రవాడు చదువుచుండెను. వయస్సు 17 ఏండ్లు. తండ్రి చీరల కొట్టులో గుమాస్తా. గణితము తప్ప వేరొకటి పట్టక, స్కాలర్‌షిప్పు పోగొట్టుకొని, ఇంటిలో చెప్పకుండ పారిపోయి విశాఖపట్టణము చేరినాడు. ఇంటివారు పత్రికకు వ్రాసి వెదకినారు. కుర్రవాడు ఇల్లు చేరినాడు. తరువాత మద్రాసులో పచ్చయ్యప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష తప్పినాడు. మరల వ్రాసి మరల తప్పినాడు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనిలో కుదిరినాడు. 1914లో ఇంగ్లండు పిలిచినది, 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయినాడు. ఆయనయే శ్రీనివాస రామానుజన్.

తప్పిన ప్రతి పిల్లవాడును రామానుజ మగునని మేము చెప్పబోవుట లేదు. అట్లు చెప్పుట గూడ మరియొక బరువే. మేము చూపదలచినది ఆయన గణితమును కాదు, ఆ పత్రికలో వేసిన ప్రకటనను. స్కాలర్‌షిప్పు పోయిన కొడుకును "పోతే పోయినాడు" అనక వెదకిన ఇల్లొకటి యున్నది. ఆ ఇల్లు లేకున్న తక్కినదేదియు లేదు.

కాబట్టి సోదర సోదరీమణులారా, మేము చెప్పదలచిన మాట యొక్కటే. పరీక్ష భయము కంటె, పరీక్ష పోయినదని ఇంటిలో చెప్పుటకు భయము పెద్దది. మొదటి భయమును ఏ తల్లిదండ్రులును పూర్తిగా తీయలేరు. రెండవది మన చేతిలో నున్నది. చెడ్డ వార్తతో వచ్చిన బిడ్డకు తలుపు తెరచియుండునని బిడ్డకు ముందుగానే తెలియవలెను. ఫలితము వచ్చిన తరువాత "ఫరవాలేదు" అనిన, అది ఓదార్పు మాత్రమే. ఫలితము రాక ముందు చెప్పినదే భరోసా. ఈ రాత్రియే, పండుగ భోజనమైన తరువాత, ప్రక్కన కూర్చుండబెట్టుకొని చెప్పుడు. "ఏమి వచ్చినా ముందు మాకు చెప్పు బాబూ. తిట్టము. ముందు అన్నము తిందాము, తరువాత ఆలోచింతాము." ఇంతకు మించి వాక్చాతుర్యము అక్కరలేదు. తండ్రులు గూడ చెప్పవలెను. మన ఇండ్లలో ఇట్టి మాటలు తల్లికి వదలి మనము వీథి అరుగు మీదికి పోవుట వాడుక.

చెప్పిన తరువాత మాట నిలుపుకొనుట ఎట్లో గూడ చూతము.

ఫలితముల దినమున ఇంటిలో ఒక్క పెద్ద యైన బిడ్డ ప్రక్క నుండవలెను. సెలవు పెట్టవలసి వచ్చినను పెట్టుడు. ఆ రోజు చుట్టములకు ఫోనులు చేయుట, చుట్టముల ఫోనులు పిల్లవాని చేతికిచ్చుట వలదు. "మా వానికి ఇన్ని, మీ వానికెన్ని?" అను పిన్నిగారికి జవాబు మనమే చెప్పవలెను. "మా వాడు బాగున్నాడండీ" అనిన చాలును.

మార్కులు తక్కువ వచ్చినవని తోచిన తిరిగి లెక్కింపుమని దరఖాస్తు పెట్టుటకు గడువుండును. తప్పినవారికి ఆ యేడాదిలోనే సప్లిమెంటరీ పరీక్ష యుండును. అదియు కుదరనివారికి 1989లో స్థాపింపబడిన జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా చదువు కొనసాగించు వీలున్నది. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. చదువు లున్నవి. రాయగడ దగ్గర జేకేపురములో కాగితపు మిల్లు నడుచుటకు ఇంజనీర్లు ఎంత ముఖ్యులో ఫిట్టర్లును అంత ముఖ్యులు. ఈ దారు లన్నియు ఫలితము రాక ముందే ఒక కాగితము మీద వ్రాసి ఇంటిలో పెట్టుకొనుడు. కంగారులో ఉన్న దారి కనబడదు.

ఇక కనిపెట్టవలసిన గుర్తులు. రెండు వారములకు పైగా నిద్ర పట్టకుండుట, లేదా రోజంతయు పడుకొనుట, తిండి మానుట, స్నేహితులను తప్పించుకొనుట, ఇష్టమైన క్రికెట్టు, పాట, బొమ్మలు గూడ వదలివేయుట, మాటి మాటికి తలనొప్పి, కడుపునొప్పి, అకారణమైన కోపము, తన ప్రియమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టుట, "నేను లేకుంటే మీకు నిశ్చింత" వంటి మాట. ఇవి కనబడిన దిష్టి తీసి ఊరుకొనకుడు. మజ్జిగౌరమ్మకు మ్రొక్కుకొనుడు, తప్పు లేదు. అమ్మవారు డాక్టరు దగ్గరకు పోవద్దని ఎన్నడును చెప్పలేదు.

"చచ్చిపోవలెనని అనిపించుచున్నదా?" అని సూటిగా అడుగవచ్చును. అడిగిన లేని ఆలోచన కలుగునని మనవారి భయము. అట్లు జరుగదని వైద్యులు చెప్పుచున్నారు. అడిగినందువలన గుండెలోని బరువు మాటగా బయటకు వచ్చును. అవునన్న ఆ బిడ్డను ఒంటరిగా వదలక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 2022 అక్టోబరు 10 నుండి కేంద్ర ప్రభుత్వము వారు టెలీ మానస్ అను ఫోను సేవ నడుపుచున్నారు. నంబరు 14416. పగలు రాత్రి, ఎప్పుడు చేసినను ఖర్చు లేదు. తెలుగులోను, ఒడియాలోను మాట్లాడవచ్చును. పిల్లలే చేసికొనవచ్చును, తల్లిదండ్రులును చేయవచ్చును. ఈ నంబరు కేలెండరు ప్రక్కన, గ్యాసు బుకింగు నంబరు వ్రాసికొన్నట్లే వ్రాసి పెట్టుకొనుడు.

మనస్సుకు వైద్యము చేయించుకొనుట పిచ్చికి గుర్తు కాదు. 10 నుండి 19 ఏండ్ల వయస్సువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసికమైన బాధ యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. "నలుగురికి తెలిస్తే పెండ్లి కాదు" అని దాచువారున్నారు. మలేరియా జ్వరము వచ్చిన దాచితిమా? ఈ కొండ ప్రాంతములో దాచినవారెవరును మిగిలి యుండరు.

ఇప్పుడు వెనుక వరుసలవారితో రెండు మాటలు.

బాబూ, అమ్మా! మీ భయము చిన్నదని మేము అనము. మా కాలములో ఇట్లు లేదు అని గూడ అనము. అది మీకు పనికివచ్చు మాట కాదు. మీకు చెప్పునది ఇంతే. ఒక్కసారికి ఒక్క పాఠము చూడుడు. రాయగడ నుండి విజయనగరము పోవు బండి ఒక్క దూకున పోదు, స్టేషను తరువాత స్టేషను పోవును. రాత్రి నిద్ర మానకుడు. ఫోనులో ఇతరుల మార్కులు, ర్యాంకులు చూచుచు కూర్చుండకుడు. రోజుకు ఒక గంట వంశధార ఒడ్డుకో, బడి మైదానమునకో పొండు. మనస్సు బాగా లేనప్పుడు అమ్మకో, నాన్నకో, మేష్టారికో, మేనమామకో, ఎవరో ఒక్కరికి చెప్పుడు. ఒకరు వినకున్న రెండవవారికి చెప్పుడు. స్నేహితుడు తన ప్రాణము విషయమై మాట జారి "ఎవరికి చెప్పకు" అని ఒట్టు వేయించుకొన్నను, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి పెద్దలకు చెప్పుడు. ఆ ఒట్టు తప్పుట పాపము కాదు.

మన గుణుపురమునకు పొరుగుననే పర్లాకిమిడి యున్నది. అక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసినారు. చిన్నతనముననే తండ్రి పోయినాడు. 1879లో మెట్రిక్యులేషను ప్యాసై, కళాశాలకు పోవు వీలు లేక, మరుసటి యేడే బడిపంతులు ఉద్యోగములో చేరినారు. తరువాతి పరీక్షలు ఉద్యోగము చేయుచు, ఏండ్ల తరబడి ప్రైవేటుగా చదివి వ్రాసినారు. వాటి మధ్యనే కొండలలోని సవరల భాష నేర్చుకొని, 1931లో దానికి వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువరించినారు. ఆయన పుట్టినది 1863లో. లెక్క వేసికొనుడు. నిఘంటువు వచ్చునప్పటికి డెబ్బదియైదేండ్లు. తెలుగువారికి వాడుకభాషలో వ్రాయు హక్కు సంపాదించి పెట్టినవారును ఆయనయే. మనిషి పని పదునేడవ యేట తేలిపోవునని ఎవరైన అన్న, ఈ సంగతి చెప్పుడు.

చివరగా మన సంఘమునకు మూడు మనవులు. ఒకటి, ప్రతి ఉగాదికి మొదటి తరగతి వచ్చిన పిల్లలకు బహుమతు లిచ్చుచున్నాము, సంతోషము. ఇక మీదట సప్లిమెంటరీలో ప్యాసైన పిల్లలను గూడ అదే వేదిక మీదికి పిలువవలెను. పడి లేచినవారికి చప్పట్లు కొంచె మెక్కువ కొట్టినను నష్టము లేదు. రెండు, ఫలితములు వచ్చు దినమున సంఘము గది సాయంత్రము వరకు తెరచి, దరఖాస్తులు నింపుట తెలిసినవారు ఇద్దరు అక్కడ కూర్చుండవలెను. చదువు రాని తల్లిదండ్రులు ఒక కాగితము కొరకు నలుగురిని బ్రతిమాలు అవస్థ తప్పును. ఆ ఇద్దరిలో మేమొకరము. మూడు, సరుకులకో ఆసుపత్రి పనులకో విశాఖపట్టణము పోవు మన వర్తక సోదరులు అక్కడి హాస్టళ్ళలో నున్న మన పిల్లలను ఒక్కసారి చూచి రావలెను. ఎవరి బిడ్డయైనను సరే. ఒక అరటిపండ్ల చెయ్యి, రెండు మన ఊరి మాటలు, ఇంతే. మార్కులు మాత్రము అడుగరాదు.

పంచాంగము ప్రకారము ఈ యేడు పరాభవ. కొందరి ఇండ్లలోనికి ఆ పేరు నిజముగానే రావచ్చును. అట్లు వచ్చినప్పుడు బిడ్డ ఒంటరిగా నుండకుండ చూచుట మన వంతు. మీ పిల్లలకు, మా పిల్లలకు, ఈ గడ్డ మీద మనతో కలసి బ్రతుకుచున్న ఒడియా, సవర, కోదు సోదరుల పిల్లలకు గూడ ఆయురారోగ్యములు కలుగు గాక.